13 పిన్నుల గిటార్ కొనమంటారా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గాజువాక. పదకొండేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఆదివారాలు చర్చిలో క్వయర్‌తో, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాతో. మా కీబోర్డిస్ట్ ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. ఫ్లూటు బిట్లు, వయొలిన్లు, సన్నాయి అన్నీ అతని చేతిలోనే ఉండేవి. అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒకాయన తన గోడిన్ ఎక్స్‌టీఎస్‌ఏ గిటార్, దాన్ని వాయిస్తే ఫ్లూటు, వయొలిన్ లాంటి శబ్దాలు పలికించే రోలాండ్ జీఆర్-55 సింథ్ పెట్టె కలిపి 1,40,000కి ఇస్తానంటున్నారు. నా దగ్గర చీటీ పాడిన డబ్బు లక్షన్నర ఉంది. ఇప్పుడున్న స్ట్రాట్ రకం గిటార్ అమ్మేసి ఇది తీసుకుంటే కీబోర్డ్ లోటు తీరుతుందా? ఇలాంటివి కొని తర్వాత బాధపడ్డవాళ్లు ఉన్నారని కూడా విన్నాను. సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములు దగ్గర పడుతున్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ గిటార్ మంచిదే, ఆ పెట్టె కూడా మంచిదే. కానీ మీ కీబోర్డిస్ట్ వదిలి వెళ్లిన ఖాళీలో అది సగమే పూడుస్తుంది. ఫ్లూటు, వయొలిన్, సన్నాయి, పాట వెనకాల నిలబడే ప్యాడ్స్ వస్తాయి. పియానోతో పాట నడపడం, రెండు చేతులూ వేర్వేరు పని చేసే చోటు, గబగబా దొర్లిపోయే బిట్లు రావు. మీ స్ట్రాట్ మాత్రం అమ్మకండి. లక్షన్నర చీటీ డబ్బంటే నెలనెలా కడుపు కట్టుకుని కట్టినది, కాబట్టి ఎందుకు ఇలా అంటున్నానో వివరంగానే రాస్తాను.

ఈ రకం గిటార్లతో నాకు పద్నాలుగేళ్ల సావాసం. మొదట మామూలు గిటార్‌కి జీకే-3 అనే పికప్, అంటే తీగల కంపనాన్ని పట్టి పెట్టెకి పంపే భాగం, అతికించుకున్నాను. తర్వాత గోడిన్ కొన్నాను. మొదటి ప్రోగ్రాం మద్దిలపాలెం వైపు ఒక ఫంక్షన్ హాల్లో. మేనమామలు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకొస్తున్నారు, నేను సన్నాయి బిట్ ఎత్తుకోవాలి. నెల రోజులు ఇంట్లో సాధన చేసిన బిట్టే. ఐదో తీగ మీద మొదలవుతుంది. మీటాను. రాలేదనిపించి మళ్లీ మీటాను. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, అందులో ఒకటి పై స్థాయిలో పలికింది. తబలా ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మిగతా బిట్ అంతా పెట్టె ఆపేసి, మామూలు గిటార్ మీదే వాయించి గట్టెక్కాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి నిద్రపోకుండా వెతికితే తెలిసింది, తప్పు గిటార్‌ది కాదు, పెట్టెది కాదు. అది ఎలా పని చేస్తుందో తెలియకుండా వేదిక ఎక్కాను.

ఎలా పని చేస్తుందంటే, మామూలు పికప్‌లో ఆరు తీగల శబ్దమూ కలిసి ఒకే వైర్లో వెళ్తుంది. ఈ గిటార్లలో ఆరు తీగలకీ ఆరు పికప్‌లు విడివిడిగా ఉంటాయి. ఒక్కో తీగకి ఒక్కో పిన్ను, మామూలు పికప్ శబ్దానికి ఒకటి, వాల్యూమ్‌కి, బటన్లకి, కరెంటుకి మిగతావి. అలా 13 పిన్నుల కేబుల్ వచ్చింది. పెట్టె ఆ తీగ శబ్దం విని, అది ఏ స్వరమో తేల్చుకుని, అదే స్వరంలో ఫ్లూటు పలికిస్తుంది. ఆ తేల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. స్వరం తెలియాలంటే తీగ కనీసం ఒకటి రెండు సార్లు పూర్తిగా కంపించాలి. మొదటి తీగ సెకనుకి దాదాపు 330 సార్లు కంపిస్తుంది, ఒక్క కంపనానికి 3 మిల్లీ సెకన్లు చాలు. ఆరో తీగ 82 సార్లే కంపిస్తుంది. ఒక్కదానికే 12 మిల్లీ సెకన్లు పడుతుంది, రెండు కంపనాలు వినాలంటే 24. ఇది ఎంత సేపో మనసుకి పట్టాలంటే ఇలా అనుకోండి. గాలిలో శబ్దం అంతసేపట్లో 8 మీటర్లు వెళ్తుంది. అంటే మీ ఆరో తీగ మీద ఫ్లూటు, వేదిక దిగి 8 మీటర్ల అవతల నిలబడ్డ మనిషి వాయించినట్టు మీ చెవికి చేరుతుంది. ఎంత ఖరీదైన పెట్టె కొన్నా ఈ లెక్క మారదు, ఎందుకంటే అది తీగలోనే ఉంది.

కాబట్టి మొదటి సూత్రం: స్వరం గుర్తుపట్టి పలికించే శబ్దాలన్నీ మొదటి మూడు తీగల మీద వాయించండి. కింది స్థాయి కావాలంటే పెట్టెలో ఆ శబ్దాన్ని ఒక స్థాయి దించుకోండి, చెయ్యి మాత్రం పైనే ఉంచండి. నా సన్నాయి బిట్ ఇప్పుడు రెండో తీగ మీద మొదలవుతుంది. ఆ ఒక్క మార్పుతో సగం బాధ పోయింది.

ఇంకో సంగతి ఉంది, కొని బాధపడ్డవాళ్లలో చాలామందికి ఇది ఎవరూ చెప్పలేదు. జీఆర్-55 లోపల రెండు వేర్వేరు దారులు ఉన్నాయి. ఒకటి ఇప్పుడు చెప్పినది: స్వరం గుర్తుపట్టి, ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాన్ని పలికించడం. ఫ్లూటు, వయొలిన్, పియానో లాంటివి 900కు పైగా ఉన్నాయి, అందులో ఒకేసారి రెండు వాడుకోవచ్చు. రెండో దారి మోడలింగ్. అక్కడ స్వరం గుర్తుపట్టే పని లేదు, తీగ శబ్దాన్నే తీసుకుని దాని రూపం మార్చేస్తుంది. అందుకే ఆ ఆలస్యం ఉండదు. సితార్, అకౌస్టిక్ గిటార్, బాస్ గిటార్, కొన్ని సింథ్ శబ్దాలు ఈ దారిలో వస్తాయి. మీరు ఏ బటన్ నొక్కితే ఏ దారిలో ఉన్నారో తెలిసి ఉండాలి. తెలియకపోతే, సితార్ చక్కగా పలికింది, పియానో మాత్రం తడబడుతోంది, పెట్టె పాడైందేమో అని అనుమానం వస్తుంది. ఎంవీపీ కాలనీలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అలాగే అనుకున్నాడు.

అతని సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఆలోచనా అతని ఆలోచనా ఒకటే. కీబోర్డ్ బదులు గిటార్ అనుకుని అప్పు చేసి కొన్నాడు. పియానో శబ్దం పెట్టి, గిటార్ వాయించినట్టే కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి, స్ట్రమ్ చేశాడు. స్ట్రమ్ చేస్తే పిక్ ఆరు తీగల మీదా గీసుకుంటూ వెళ్తుంది. ఒక్కో తీగా ఒక్కో క్షణంలో గుర్తింపు పొందుతుంది, మధ్యలో చెయ్యి ఆనించి ఆపిన తీగ కూడా చిన్న చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడుకి కూడా పెట్టె ఏదో ఒక స్వరం వెతుకుతుంది. మెట్ల మీద స్టీలు గిన్నెలు దొర్లినట్టు వచ్చేది. నాలుగు నెలల్లో నష్టానికి అమ్మేశాడు. ఇప్పుడు అతని దగ్గర బాస్ కంపెనీ ఎస్‌వై-1 అనే చిన్న పెడల్ ఉంది. మామూలు గిటార్, మామూలు కేబుల్, అంతే. ఆర్గన్, ప్యాడ్ లాంటి రకాలన్నీ కలిపి 121 శబ్దాలు ఉన్నాయి. కార్డ్స్ పట్టినా బెదరదు, ఆలస్యం తెలియదు. ఫ్లూటు, సన్నాయి మాత్రం దాంట్లో వెతకకండి. అతనికి కావలసింది ప్యాడ్సే కాబట్టి హాయిగా ఉన్నాడు.

మహారాణిపేటలో ఒక క్వయర్ గిటారిస్ట్ ఉన్నారు, నాకు అక్క వరస. గోడిన్ వాళ్లదే మల్టియాక్, నైలాన్ తీగలది, ఎనిమిదేళ్లుగా వాడుతున్నారు. ఇన్నేళ్లలో ఆవిడ వాడినవి రెండే శబ్దాలు. నైలాన్ గిటార్ శబ్దం ఎప్పుడూ ముందుంటుంది. దాని వెనక వయొలిన్ల గుంపు, కాలి కింద పెడల్‌తో మెల్లగా పైకి తెచ్చి మెల్లగా దించుతారు. ప్యాడ్ నెమ్మదిగా ఊరుతూ వచ్చే శబ్దం కాబట్టి ఆలస్యం దాన్లో కలిసిపోతుంది, ఎవరి చెవికీ పట్టదు. ఇంకా ఒక చిట్కా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒక కార్డు పట్టి, పెడల్ తొక్కి ప్యాడ్‌ని నిలబెట్టేస్తారు. అది అలా మోగుతూ ఉంటే, దాని మీద గిటార్ వేళ్లతో విడిగా వాయిస్తారు. జీఆర్-55లో సీటీఎల్ పెడల్‌కి ఈ హోల్డ్ పని అప్పగించుకోవచ్చు. ప్రార్థన సమయంలో పాస్టరుగారు మాట్లాడుతుంటే వెనక సన్నగా ప్యాడ్ ఉండాలి కదా, మీ కీబోర్డిస్ట్ చేసిన ఆ పని ఒక్క పెడల్‌తో వచ్చేస్తుంది. చర్చి వరకూ మీ లోటు దాదాపు తీరినట్టే.

పెళ్లి ఆర్కెస్ట్రాకి భీమిలిలో ఉన్న మా స్నేహితుడి అనుభవం పనికొస్తుంది. ఆయనది లైన్ 6 వాళ్ల వేరియాక్స్. అది సింథ్ గిటార్ కాదు, మోడలింగ్ లోపలే ఉన్న గిటార్. ఫ్లూటు పలకదు. కానీ ఆయన దాన్ని ప్రాణంలా చూసుకుంటారు, ఒకే కారణంతో. మన సింగర్లు ఒకరు ఒకటిన్నర శ్రుతి అంటారు, తర్వాతి అమ్మాయి ఐదున్నర అంటుంది. తీగలు బిగించే పని లేకుండా, మెడకి బిగించే కేపో క్లిప్పు పెట్టకుండా, చెయ్యి అదే చోట ఉంచి శ్రుతి మార్చేసుకుంటారు. ఇలాంటిది జీఆర్-55లోనూ ఉంది, అది మోడలింగ్ శబ్దాలకీ రికార్డు శబ్దాలకీ పని చేస్తుంది, మామూలు పికప్ శబ్దానికి మాత్రం కాదు. శ్రుతి మార్చినప్పుడు ఆ మామూలు శబ్దాన్ని పెట్టెలో ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే రెండు శ్రుతులు ఒకేసారి మోగుతాయి.

ఇక చెయ్యి సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఫ్లూటు శబ్దం పెట్టి గిటార్ వాయించినట్టు వాయిస్తే అది ఫ్లూటులా ఉండదు. ఫ్లూటు వాయించే మనిషికి ఊపిరి ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆగి గాలి పీల్చుకుంటాడు. మీరు వాయిస్తున్నప్పుడు మీరూ నోటితో ఊదుతున్నట్టు ఊపిరి వదలండి. ఊపిరి అయిపోయిన చోట ఆగండి. నేను ఇలా మొదలుపెట్టిన వారానికి మా ఇంట్లోవాళ్లు పక్క గదిలోంచి, రేడియోలోనా అని అడిగారు. వయొలిన్ అయితే ఒకే తీగ మీద జారండి, ప్రతి స్వరాన్నీ మీటకండి. ఒకసారి మీటి, ఎడమ చేత్తో మూడు నాలుగు స్వరాలు పలికించండి. సన్నాయికి గమకం కావాలి, అంటే తీగని లాగడం. ఇక్కడ పెట్టెలో ఒక సెట్టింగ్ చూడాలి. క్రొమాటిక్ అనేది ఆన్‌లో ఉంటే లాగినప్పుడు జారకుండా మెట్లు మెట్లుగా పలుకుతుంది. పియానోకి అది మంచిది, సన్నాయికి చంపేస్తుంది. ఆఫ్ చేయండి.

ఉక్కునగరంలో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, కర్ణాటక సంగీతం తెలిసినవారు. పాత గిటార్‌కి జీకే-3 పెట్టుకుని వయొలిన్ శబ్దంతో రాగాలాపన చేస్తారు. ఆయన నాకు చెప్పింది, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారిని తలచుకోమని. టక్కున మోగి టక్కున ఆగిపోయే వాయిద్యం అది. గమకాలకి పనికిరాదని అందరూ అనుకున్న చోట, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వేళ్లతోనే వాటిని సాధించారాయన. శబ్దాలు మార్చే పెట్టె ఏదీ ఆయన చేతికి అడ్డం లేదు. ఇటు గిటార్ సింథ్‌లో అందరూ చెప్పుకునే పాట్ మెథీనీని చూసినా, రోలాండ్ జీఆర్-300 అనే పాత సింథ్‌తో వచ్చే ఆ ట్రంపెట్ లాంటి ఒకే గొంతుని 40 ఏళ్లకు పైగా పలికిస్తున్నారు. మీ పెట్టెలో 900 ఉన్నా మీరు మూడు ఎంచుకోండి: ఒక ఫ్లూటు, ఒక వయొలిన్ల ప్యాడ్, ఒక సన్నాయి. ఈ మూడూ మీ చేతికి వచ్చేదాకా నాలుగో దాని జోలికి వెళ్లకండి.

కుడిచేతి శుభ్రత గురించి ఒక్క మాట. పిక్ తీగకి తగిలే చప్పుడు ఉంటుందే, ఆ క్షణంలో పెట్టెకి స్వరం వినపడదు, గోల వినపడుతుంది. గట్టిగా కొట్టేకొద్దీ గోల పెరుగుతుంది. మెత్తగా, నిటారుగా, ఒక్క దెబ్బ. వాడని తీగల మీద అరచేయి ఆనించి ఉంచండి. ఇది సాధిస్తే మీ మామూలు గిటార్ వాయింపు కూడా బాగుపడుతుంది.

మన విశాఖలో ఉంటున్నాం కాబట్టి ఇది కూడా చెప్పాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. బీచ్ రోడ్డు దాకా అక్కర్లేదు, గాజువాకలో కూడా మూడు వారాలకి తీగలు చేతికి గరగరలాడతాయి. మామూలు గిటార్‌కి పాత తీగలంటే శబ్దం కొంచెం మందగిస్తుంది, అంతే. సింథ్ గిటార్‌కి అలా కాదు. తుప్పు పట్టి, మురికి పట్టిన తీగ సమంగా కంపించదు, పెట్టెకి స్వరం తేల్చుకోవడం కష్టమవుతుంది. పెట్టె తప్పు పలికిస్తోందని నా దగ్గరికి వచ్చినవాళ్లకి నేను ముందు చెప్పే మాట తీగలు మార్చమని. పూత ఉన్న తీగలు కాస్త ఖరీదైనా మన ఊరికి అవే లాభం. వాయించాక పొడి గుడ్డతో తీగల కింద నుంచి కూడా తుడవండి. వానాకాలం తేమకి మెడ కర్ర కదిలి ఫ్రెట్ దగ్గర తీగ జిర్రుమంటుంది, ఆ జిర్రు కూడా పెట్టెని గందరగోళపరుస్తుంది. వానలు తగ్గాక ఒకసారి మెడ లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, సరిచేయించండి. 13 పిన్నుల సాకెట్‌లో ఆకుపచ్చ చిలుము కనిపిస్తే ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

ఇప్పుడు ఆ అమెరికా ఆయన గిటార్ దగ్గరికి వద్దాం. ఎక్స్‌టీఎస్‌ఏకి మూడు గొంతులున్నాయి: మామూలు పికప్‌లు, తీగలు ఆనే బ్రిడ్జిలో ఉండి కంపనాన్ని పట్టే పీజో, 13 పిన్నుల దారి. కొని సుఖపడ్డ చాలామంది ఏం చెబుతారో తెలుసా? సింథ్ కోసం కొన్నాం, పీజో కోసం ఉంచుకున్నాం అని. పీజోలో అకౌస్టిక్ గిటార్ శబ్దం వస్తుంది. క్వయర్‌లో సగం పాటలకి మీకు కావలసింది అదే కదా. పెట్టె ఇంట్లో వదిలేసి వెళ్లినా ఆ గిటార్ పనికొస్తుంది. నా గోడిన్ విషయంలోనూ అదే జరిగింది. అందుకే అలాంటి గిటార్ కొనేటప్పుడు పెట్టె లేకుండా వాయించి చూడండి. అలా నచ్చితేనే తీసుకోండి.

చూడటానికి వెళ్లినప్పుడు తొందర పడకండి. 13 పిన్నుల కేబుల్ పెట్టి ఒక్కో తీగా విడిగా మీటండి, ఆరూ ఒకే బలంతో పలకాలి. ఒకటి నీరసంగా ఉంటే ముందు పెట్టెలో ఆ తీగ సెన్సిటివిటీ పెంచి చూడండి. అయినా రాకపోతే ఆ తీగ కింద పీజో పోయి ఉండొచ్చు. అది మన ఊళ్లో చిటికెలో అయ్యే రిపేరు కాదు, ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంది. సాకెట్‌లో ప్లగ్ పెట్టి కొంచెం కదిపి చూడండి, శబ్దం తెగకూడదు. పెట్టె సెట్టింగుల్లో గిటార్ రకం దగ్గర జీకే పికప్ అని ఉందా, పీజో అని ఉందా చూడండి. తప్పు రకం పెట్టి ఉంటే మంచి గిటార్ కూడా పిచ్చిగా పలుకుతుంది. చివరగా అడాప్టర్. దాని మీద 100–240 అని రాసి ఉంటే సరే. ఒట్టి 120 అని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి, ఆ క్షణమే పోతుంది. 13 పిన్నుల కేబుల్ రెండోది ఉందేమో అడగండి, మామూలు మ్యూజిక్ షాపుల్లో అది దొరికే వస్తువు కాదు.

ముందు ముందు పెట్టె మార్చాలనుకుంటే కూడా ఒక సంగతి తెలిసి ఉండాలి. జీఆర్-55 వచ్చింది 2011లో, ఇప్పుడు తయారు చేయడం లేదు. 2019 చివర్లో వచ్చిన బాస్ కంపెనీ ఎస్‌వై-1000 పెట్టెకి ఈ 13 పిన్నుల గిటార్ నేరుగా కలుస్తుంది, కానీ దాంట్లో రికార్డు చేసిన ఫ్లూటు, వయొలిన్లు ఉండవు, అది తీగ శబ్దాన్ని మలిచే పెట్టె. 2023లో వచ్చిన జీఎం-800లో ఫ్లూటూ వయొలిన్లూ ఉన్నాయి గానీ, అది కొత్త రకం కేబుల్‌ది. మీ గిటార్ దానికి కలవాలంటే మధ్యలో జీకేసీ-ఏడీ అనే ఇంకో చిన్న డబ్బా కొనాలి. ఇంకెవరైనా చవగ్గా ఇస్తామని 1980ల నాటి రోలాండ్ గిటార్ చూపిస్తే, అవి 24 పిన్నులవి, వాటి జోలికి పోకండి.

నా సలహా ఇది. ఆయన్ని రెండూ విడివిడిగా అమ్ముతారేమో అడగండి. ఒప్పుకుంటే ఇప్పుడు జీఆర్-55 ఒక్కటే తీసుకోండి, మీ స్ట్రాట్‌కి సెకండ్ హ్యాండ్ జీకే-3 పెట్టించండి. గిటార్‌కి రంధ్రాలు చేయనక్కర్లేదు, అతికించుకునే సదుపాయం దాంతోనే వస్తుంది. బ్రిడ్జికీ వెనక పికప్‌కీ మధ్య, బ్రిడ్జికి వీలైనంత దగ్గరగా ఉండాలి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టినప్పుడు, తీగకీ పికప్‌కీ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ఉక్కునగరం పెద్దాయన ఆ ఖాళీని ఎలా కొలుస్తారంటే, పాత ఏటీఎం కార్డు 0.76 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి ఒక విజిటింగ్ కార్డు జోడించి తీగ కింద దూరుస్తారు. బిగుతుగా కాకుండా, వదులుగా కాకుండా జారితే సరిపోయినట్టే. ఒకటో తీగ దగ్గరా ఆరో తీగ దగ్గరా రెండు చోట్లా చూడాలి. నేను మొదట్లో కంటితో చూసి సరే అనుకున్నాను, రెండు మిల్లీమీటర్లు పైనే ఉంది, అందుకే మెత్తగా మీటితే పలికేది కాదు.

ఈ దారిలో మీ చేతికి తెలిసిన గిటార్ మీదే కొత్త విద్య నేర్చుకుంటారు. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంటుంది. ఆరు నెలలు గడిచాక మీ చేతికి ఇది నచ్చితే అప్పుడు గోడిన్ కొనండి, పెట్టె ఎలాగూ ఉంది. నచ్చకపోతే పెట్టె అమ్మేస్తే పెద్దగా నష్టపోరు. ఆయన రెండూ కలిపితేనే ఇస్తానంటే, పీజో శబ్దం మీకు నిజంగా నచ్చితేనే తీసుకోండి, స్ట్రాట్ మాత్రం ఉంచుకోండి. ప్రోగ్రాం మధ్యలో కేబుల్ తెగితే చేతికి అందేది అదే.

సెమీ క్రిస్మస్ ప్రోగ్రాముల్లో మొదటి రెండింటికి ప్యాడ్స్ మాత్రమే వాడండి, పెడల్‌తో. ఫ్లూటు బిట్ ఒకటి, మీకు బాగా వచ్చిన పాటలో, మొదటి రెండు తీగల మీద. సన్నాయి సంక్రాంతి తర్వాతి ముహూర్తాలకి దాచండి. పియానో పాటలకి వేరే కీబోర్డ్ వాయించేవాళ్లని రోజు కూలికి పిలవమని మీ ఆర్కెస్ట్రా పెద్దతో ఇప్పుడే చెప్పేయండి, ఆఖరి నిమిషంలో చెబితే మాట పడేది మీరే.

గిటార్ చూడటానికి వెళ్లిన రోజు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఒక్కొక్కటీ నాలుగేసి సార్లు మీటి, ఫ్లూటు శబ్దంతో ఒకసారి, మామూలు పికప్‌తో ఒకసారి, పీజోతో ఒకసారి నాకు పంపండి. ఏ తీగ నీరసంగా ఉందో విని, అదే రోజు చెబుతాను.